క్లిప్పులు వేసినా పన్ను కదలకపోతే: ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

క్లిప్పులు వేయించుకుని నెలలు గడుస్తున్నా ఒక పన్ను ఉన్నచోటే ఉంటే చాలామంది డాక్టరును అడిగేది ఒకటే: ఇంకాస్త గట్టిగా బిగించమని. బిగిస్తే నొప్పి పెరుగుతుంది, పన్ను మాత్రం మరింత ఆలస్యం చేస్తుంది. ఎందుకో తెలిస్తే ఆగిపోయిన పంటి విషయంలో ఏం వెతకాలో తెలుస్తుంది.

పంటి వేరు ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. రెండింటి మధ్య పావు మిల్లీమీటరు మందాన ఒక నారపొర ఉంటుంది. దీన్ని పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. తీగ పంటిని నెట్టినప్పుడు ఈ పొర ఒకవైపు నలుగుతుంది, అవతలివైపు సాగుతుంది. నలిగినవైపు ఎముకను కరిగించే కణాలు చేరతాయి, సాగినవైపు కొత్త ఎముకను కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. తేలికపాటి బలమైతే ఇది రెండు రోజుల్లోనే మొదలవుతుంది. బలం మితిమీరితే నలిగినచోట రక్తనాళాలు మూసుకుపోయి ఆ కాస్త పొర చచ్చుబడుతుంది. హయలినైజేషన్ అనే మాట వినే ఉంటారు, అది ఇదే. ఇక పొరలోంచి కణాలు రాలేవు. ఎముక లోపలి మజ్జవైపు నుంచి వచ్చి, వెనకనుంచి తొలుచుకుంటూ ఆ భాగాన్ని శుభ్రం చేయాలి. దానికి ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అంతవరకు పన్ను కదలదు. ప్రతిసారీ అతిగా బిగిస్తూ పోతే ఇదే మళ్లీ మళ్లీ జరుగుతుంది, వేరు కొన కరిగిపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

అందుకే ఆర్థోడాంటిస్టులు (పళ్ల వరస సరిచేసే డాక్టర్లు) వాడే బలాలు చాలా చిన్నవి. పంటిని ఒరిగించడానికీ, ఉన్నచోటే తిప్పడానికీ 35 నుంచి 60 గ్రాములు చాలు. ఒరగకుండా వేరుతో సహా జరపాలంటే 70 నుంచి 120. పొడుగ్గా దిగిన పంటిని తిరిగి ఎముకలోకి నెట్టాలంటే 10 నుంచి 20 గ్రాములే వాడతారు, ఎందుకంటే ఆ బలమంతా సూదిమొనలాంటి వేరు కొన మీదే పడుతుంది. పంటి చికిత్సలో తొందరపాటుకు శిక్ష ఎక్కువగా పడేది ఈ చివరి రకం కదలికలోనే.

నిజంగా ఆగిందా, ఆగినట్టు అనిపిస్తోందా

రోజూ అద్దంలో చూసుకునే పంటిలో మార్పు తెలియదు. కాబట్టి మొదట కొలవండి. కదలాల్సిన పంటి మీద ఒక గుర్తు, దాని పక్క పంటి మీద ఒక గుర్తు అనుకోండి, బ్రాకెట్ (పంటికి అతికించిన చిన్న క్లిప్పు) అంచులైతే మేలు. ప్రతి అపాయింట్‌మెంటుకు ముందురోజు ఆ రెండింటి మధ్య దూరాన్ని సన్నటి ప్లాస్టిక్ స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. పెదాలు పక్కకు లాగి, ఎదురుగా ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి ఫోటో తీసుకోండి, ప్రతిసారీ అదే వెలుతురులో, అదే దూరం నుంచి. క్లినిక్‌లో స్కానర్ ఉంటే పాత స్కాన్ మీద కొత్తది పెట్టి చూపించమని అడగవచ్చు. అంతకంటే కచ్చితమైన లెక్క లేదు.

చోటు కోసం చిన్న దవడపన్ను తీసిన ఖాళీలోకి కోరపన్ను వెనక్కి జరగడానికి మామూలు వేగం నెలకు సుమారు 1 మి.మీ. తీసేసిన చిన్న దవడపన్ను వెడల్పు 7 మి.మీ. దాకా ఉంటుంది. అందులో కొంత పళ్ల ఇరుకు తీరడానికే పోతుంది, మిగిలింది మూయడానికి ఆరేడు నెలలు పడితే అది ఆలస్యం కాదు. పెద్దవాళ్లలో కదలిక మొదలవడానికి పిల్లల్లోకంటే ఎక్కువ రోజులు పడుతుంది, మొదలయ్యాక వేగంలో పెద్ద తేడా ఉండదు. వరసగా మూడు నెలల కొలతల్లో ఏ మార్పూ లేకపోతే మాత్రం కారణం వెతకాల్సిందే.

బలం పంటిదాకా చేరుతోందా

ఎక్కువ కేసుల్లో కారణం ఇక్కడే దొరుకుతుంది. ఎముక గురించి ఆలోచించే ముందు ఇది తేల్చుకోవాలి.

ఊడిన బ్రాకెట్ ఊడినట్టు కనిపించదు. చిన్న రబ్బరు రింగు దాన్ని తీగకే పట్టి ఉంచుతుంది కాబట్టి చూడ్డానికి పంటి మీదే ఉంటుంది. దూది పుల్లతో ఒక్కో బ్రాకెట్‌ను మెల్లగా పక్కకు నెట్టి చూడండి. తీగ మీద జారినా, గిర్రున తిరిగినా అది ఊడినట్టే. మురుకులు, సకినాలు, చెక్కలు, పల్లీపట్టీ, చెరకుముక్కలు, మూలగ ఎముకలు దీనికి పేరుమోసిన కారణాలు. జామకాయనూ పచ్చిమామిడినీ మానేయక్కర్లేదు, ముందు పళ్లతో కొరక్కుండా సన్నగా తరిగి వెనక పళ్లతో నమిలితే చాలు.

తెలుగు ప్రాంతాల్లో ఇంకో కారణం ఉంది. నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో పెరిగినవాళ్ల పంటి పింగాణీ పొర యాసిడ్‌కు సులభంగా లొంగదు. బ్రాకెట్ అతికించే ముందు ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్‌తో ఆ పొరను గరుకు చేస్తారు, అది సరిగా గరుకు కాకపోతే జిగురు పట్టదు. పళ్ల మీద తెల్లటి లేదా గోధుమరంగు మచ్చలుండి బ్రాకెట్లు పదేపదే ఊడుతుంటే, జెల్ ఉంచే సమయం పెంచడం, పైపొరను కొద్దిగా అరగదీయడం, జిగురు పట్టు పెంచే ప్రైమర్ వాడడం లాంటి ఉపాయాలున్నాయి. మళ్లీ మళ్లీ అదే పద్ధతిలో అతికిస్తూ నెలలు పోగొట్టుకోవడం కంటే ఈ మాట ముందే ఎత్తడం మంచిది.

పళ్లను వరసగా కట్టే రబ్బరు గొలుసును పవర్‌చెయిన్ అంటారు. అది వేసిన మొదటి 24 గంటల్లోనే దాని బలంలో దాదాపు సగం పోతుంది. నాలుగు వారాలకు మిగిలేది కొంచెమే. పరీక్షలనో పెళ్లిళ్లనో రెండు అపాయింట్‌మెంట్లు ఎగ్గొట్టి మూడో నెలలో వెళ్తే, మధ్యలో చాలారోజులు నోట్లో చెయిన్ ఉంది కానీ లాగేది ఏమీ లేదు. దూరంగా ఉండేవాళ్లు, తరచూ రాలేనివాళ్లు నికెల్ టైటానియం స్ప్రింగు వేయమని అడగవచ్చు, దాని లాగుడు చాలాకాలం ఒకేలా ఉంటుంది. చెయిన్ పసుపుపచ్చగా మారడం మాత్రం కూరల్లోని పసుపు పని. రంగు చూసి బలం పోయిందనుకోవద్దు.

పై దవడ నుంచి కింది దవడకు మీరే తగిలించుకునే రబ్బర్లది వేరే కథ. తినేటప్పుడూ బ్రష్ చేసుకునేటప్పుడూ తప్ప రోజంతా పెట్టుకోమని చెప్పి ఉంటే, రాత్రిపూట మాత్రమే పెట్టుకోవడం వల్ల వచ్చేది చాలా తక్కువ. కణాలు స్పందించాలంటే రోజులో కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు వరసగా బలం ఉండాలి, ఆ తర్వాత గంటలు పెరిగేకొద్దీ ఫలితం పెరుగుతుంది. నిన్న మరిచిపోయాం కదా అని ఇవాళ రెండేసి రబ్బర్లు తగిలిస్తే బలం రెట్టింపవుతుంది, పైన చెప్పిన చచ్చుబడడం మొదలవుతుంది. రోజుకు కనీసం ఒకసారి కొత్తవి వేసుకోండి. ప్యాకెట్ మీద సైజు, లాగే బలం ఎంతో చెప్పే ఔన్సుల లెక్క ఉంటుంది. అయిపోతే మెడికల్ షాపులో దొరికినవి కాకుండా అదే సైజు, అదే ఔన్సులవి తెచ్చుకోవాలి.

అలైనర్లు, అంటే క్లిప్పులకు బదులు పళ్లకు తొడిగే ప్లాస్టిక్ ట్రేలు, వాడేవాళ్లకు లెక్క ఇంకా కఠినం. రోజుకు 22 గంటలు అంటే బయట ఉండేది రెండు గంటలే. పొద్దున టిఫిన్, పదకొండింటికి టీ, భోజనం, సాయంత్రం టీ, రాత్రి భోజనం, ఒక్కోదానికి అరగంట వేసుకున్నా రెండున్నర గంటలు అయిపోయింది. టీలు రెండూ టిఫిన్‌కూ భోజనానికీ ఆనించుకోవడం తప్ప దీనికి మార్గం లేదు. ఒక ట్రే పంటిని జరిపేది పావు మిల్లీమీటరు మాత్రమే కాబట్టి వెనకబడిన పన్ను రెండు మూడు ట్రేలలోనే పట్టుబడుతుంది: పంటి అంచుకూ ట్రేకూ మధ్య ఖాళీ కనిపిస్తుంది. అలా కనిపిస్తే తర్వాతి ట్రేకు వెళ్లకండి. ఉన్న ట్రేనే మరో వారం ఉంచుకుని, రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు చ్యూయీలు (ట్రే పంటికి సరిగా కూర్చోవడానికి కొరికే మెత్తటి ముక్కలు) కొరకండి. పంటి మీద అంటించిన చిన్న అటాచ్‌మెంట్ బొడిపె ఊడిందేమో వేలితో తడిమి చూడండి. అప్పటికీ ఖాళీ తగ్గకపోతే కొత్త స్కాన్ తీసి మళ్లీ ట్రేలు చేయించుకోవాలి. గుండ్రటి కోరపళ్లనూ చిన్న దవడపళ్లనూ తిప్పడం, పై పక్క ముందుపళ్లను కిందికి దింపడం అలైనర్లకు మొదటినుంచీ కష్టమే. ప్లాస్టిక్‌కు అక్కడ పట్టు చిక్కదు. పట్టుదలకు పోకుండా ఆ ఒక్క పంటికి కొన్నాళ్లు చిన్న బటన్ అంటించి, దానికి రబ్బరు పెట్టడం తెలివైన పని.

దారికి అడ్డం ఏముంది

బలం సరిగానే చేరుతోందని తేలితే, పంటి దారిలో ఏముందో చూడాలి. మొదటిది చోటు. వంకర తిరిగిన కింది ముందుపన్ను సరిగా తిరగాలంటే, ఇప్పుడున్నదానికంటే ఎక్కువ వెడల్పు కావాలి. పక్క పళ్ల మధ్య ఇరుక్కుని ఉంటే ఎంత సన్నటి తీగ వేసినా తిరగదు. ముందు పక్క పళ్లను దూరంగా నెట్టే ఓపెన్ కాయిల్ స్ప్రింగ్‌తో చోటు తెరవాలి, లేదా పళ్ల మధ్య పింగాణీని కొద్దిగా అరగదీయాలి. ఐపీఆర్ అనే ఈ పనిలో రెండు పళ్లు కలిసేచోట మొత్తం అరమిల్లీమీటరు దాటనివ్వరు.

రెండోది ఎదుటి పళ్లు. నోరు మెల్లగా మూస్తూ అద్దంలో చూడండి. కదలాల్సిన పన్ను ఎదుటి పంటికి ముందుగా తగులుతోందా? కింది పళ్ల వెనక చిక్కుకున్న పై ముందుపన్ను, తీగ నెట్టినంతా నెట్టాక, ఒక్క పూట భోజనంలో మళ్లీ వెనక్కి కొట్టుకుపోతుంది. కింది బ్రాకెట్ ఒకటే పదేపదే ఊడుతుంటే అదీ ఈ తగులుడికి గుర్తే. వెనక దవడపళ్ల మీద సిమెంటు దిమ్మలు వేసి కొన్నాళ్లు పళ్లు పూర్తిగా మూసుకోకుండా చేస్తారు. మొదటి వారం నమలడం ఇబ్బందిగా ఉంటుంది, మెత్తటి అన్నం, ఇడ్లీ, పప్పుచారుతో గడిచిపోతుంది.

మూడోది తీగ మీది రాపిడి. ఖాళీలు మూసే దశలో బ్రాకెట్ తీగ మీద జారాలి. సాధారణంగా బ్రాకెట్‌లో తీగ కూర్చునే 0.022 అంగుళాల గాడిలో 0.019 × 0.025 స్టీలు తీగ వేసేది, గాడిలో కొంచెం ఆట మిగిలి జారడానికే. బ్రాకెట్లన్నీ ఒక వరసకు రాకముందే లాగడం మొదలుపెడితే తీగ గాడిలో బిగుసుకుపోతుంది. స్టీలు తీగ వేశాక కనీసం ఒక నెల దాన్ని అలా ఉంచి, ఆ తర్వాతే చెయిన్ వేయడం మంచి పద్ధతి. గట్టివస్తువు కొరికి తీగ వంగినా, చివరి పంటి వెనక తీగను మడిచి వదిలేసినా, గార పేరుకున్నా జారడం ఆగిపోతుంది. డాక్టరు తీగ బయటకు తీసి, నునుపుగా ఉందో లేదో చూసి, తిరిగి ఎక్కిస్తే నిమిషాల్లో తేలే విషయం ఇది.

చిగుళ్లూ అడ్డం పడతాయి. ఖాళీ మూసుకుంటున్నప్పుడు మధ్యలో చిగురు ముద్దలా కుప్పపడుతుంది. బ్రషింగ్ సరిగా లేకపోతే వాచి బ్రాకెట్ మీదికే ఎక్కుతుంది. పై రెండు ముందుపళ్ల మధ్య పెదవి నుంచి దిగే కండపోగు మందంగా ఉంటే ఖాళీ మూసినా మళ్లీ తెరుచుకుంటుంది. దాన్ని సాధారణంగా ఖాళీ మూశాకే కత్తిరిస్తారు, ముందే కత్తిరిస్తే మానిన మచ్చ గట్టిపడి పళ్లు దగ్గరకు రావడం కష్టమవుతుంది. పళ్ల మధ్యకు నాలుక తోసే అలవాటు ఉన్నవాళ్లలో ఇదే జరుగుతుంది: తీగ పనిచేస్తుంది, నాలుక దాన్ని చెరిపేస్తుంది.

ఇక ఎముక. ఏళ్ల క్రితం తీయించుకున్న దవడపంటి చోట ఎముక అరిగి సన్నగా, గట్టిగా మారుతుంది. వెనక పంటి వెడల్పాటి వేర్లు ఆ సన్నటి గట్టులోకి దూరాలి. గట్టి అంచు ఎముకకు వేరు తగిలాక కదలిక నత్తనడక అవుతుంది, చిగురు దిగిపోయే భయమూ ఉంటుంది. అందుకే కొత్తగా పన్ను తీసిన చోట ఆలస్యం చేయకుండా వారాల్లోనే జరపడం మొదలుపెట్టడం మంచిది. పై దవడలో సైనస్ గాలిగది నేల కిందికి దిగి ఉంటే అక్కడ వేరు ఆగి, పైభాగం మాత్రం ఒరుగుతుంది. ఎముకలో దాగిన అదనపు పన్ను, పాత వేరు ముక్క కూడా దారి మూస్తాయి. ఇవి ఓపీజీ (రెండు దవడలూ ఒకేసారి కనిపించే) ఎక్స్‌రేలో చాలావరకు దొరుకుతాయి, వేరు ఏ గోడకు తగిలిందో చూడాలంటే సీబీసీటీ (త్రీడీ స్కాన్) కావాలి.

ఖాళీ మూసుకుంది, పన్ను మాత్రం జరగలేదు

ఇది చాలామంది గమనించని సంగతి. కోరపంటిని వెనక్కి లాగే బలం, అంతే బలంతో వెనక దవడపంటిని ముందుకు లాగుతుంది. పట్టు సరిపోకపోతే దవడపన్నే ముందుకు వచ్చి ఖాళీ నింపేస్తుంది, ముందుపళ్ల ఎత్తు అలాగే ఉండిపోతుంది. పై దవడపన్ను కింది దవడపంటి మీద ఎక్కడ కూర్చుంటుందో మొదటి ఫోటోతో పోల్చి చూస్తే ఇది బయటపడుతుంది. త్వరగా పట్టుకుంటే ఎముకలోకి మినీస్క్రూ వేసి దానికి కట్టి లాగుతారు. సుమారు ఒకటిన్నర నుంచి 2 మి.మీ. మందం, 6 నుంచి 12 మి.మీ. పొడవు ఉండే స్క్రూ అది. స్క్రూ చుట్టూ మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయకపోతే చిగురు వాచి, స్క్రూ వదులై, అంతా మొదటికి వస్తుంది. వేలితో ఆడిస్తే ఊగుతుంటే ఆ రోజే ఫోన్ చేయండి.

మందులు

పళ్లు కదలడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కావాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలు అడ్డుకునేది వాటినే. బిగించిన రోజు ఒకటి వేసుకుంటే కొంప మునగదు. మోకాళ్ల నొప్పికో నడుంనొప్పికో వారాల తరబడి వాడేవాళ్లలో మాత్రం కదలిక నెమ్మదించవచ్చు. బిగింపు నొప్పికి పారాసిటమాల్ చాలు. ఎముకలు గుల్లబారడానికి వాడే అలెండ్రోనేట్ మాత్రలు, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్, డెనోసుమాబ్ ఎముక కరగడాన్నే ఆపుతాయి. ఇవి వాడుతుంటే క్లిప్పులు వేయకముందే చెప్పాలి, ఎందుకంటే పన్ను తీయడం కూడా ప్రమాదకరం కావచ్చు. దీర్ఘకాలంగా స్టెరాయిడ్లు, థైరాయిడ్ మందులు వాడుతున్నా చెప్పండి. ఏ మందూ మీ అంతట మీరు ఆపవద్దు.

అన్నీ సరిగ్గా ఉండి ఒక్క పన్నే మొరాయిస్తే

ఇక్కడికొచ్చాకే ఆంకైలోసిస్ మాట ఎత్తాలి. నారపొర ఎక్కడో నశించి, వేరు ఎముకకు నేరుగా అతుక్కుపోవడం అది. చిన్నప్పుడు ఆటల్లో దెబ్బతగిలి పన్ను లోపలికి దిగిపోయినా, ఊడిన పంటిని తిరిగి పెట్టినా ఈ అనుమానం బలంగా ఉండాలి. గుర్తులు: వేళ్లతో పట్టుకుని కదిపితే పిసరంత కూడా ఆడదు. డాక్టరు నోట్లో చూసే చిన్న అద్దం పిడితో నిలువుగా కొడితే పక్క పంటికంటే కణీమని లోహపు శబ్దం వస్తుంది. ఎదిగే పిల్లల్లో చుట్టుపక్కల పళ్లు పైకి వస్తుంటే ఇది కిందే ఉండిపోతుంది. అతుకు చిన్నదైతే శబ్దంలో తేడా తెలియదు, ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు. అన్నిటికంటే నమ్మదగ్గ సాక్ష్యం తీగ ఇస్తుంది: ఆ పన్ను కదలదు, దాన్ని లాగబోయిన పక్క పళ్లు దానివైపు ఒరుగుతాయి, నోరు మూస్తే అక్కడ కొత్తగా సందు కనిపిస్తుంది. అలా కనిపించిన వెంటనే ఆ పంటిని తీగ నుంచి విడదీయాలి.

తర్వాత దారులు కొన్నే. మత్తిచ్చి పంటిని మెల్లగా ఆడించి అతుకు విరిచి, వెంటనే బలం పెట్టడం ఒకటి. ఇది కొన్నాళ్లకు మళ్లీ అతుక్కోవచ్చు. చుట్టూ ఎముక కోసి పంటినీ ఎముకనూ కలిపి జరపడం ఇంకోటి. పంటిని ఉన్నచోటే ఉంచి పైన తొడుగుతో ఆకారం సరిచేయడం, ఎదుగుతున్న పిల్లల్లో పైభాగం తీసి వేరును ఎముకలోనే వదిలేయడం, చివరికి తీసేయడం మిగతావి. వయసు, పంటి స్థానం చూసి నిర్ణయించాలి. వెనక దవడపళ్లు వరసగా పైకి రాకుండా ఒకవైపు సందు పెరుగుతుంటే, ఇంట్లో ఇంకెవరికైనా అలాగే ఉంటే, అది పళ్లు పైకి రాకుండా చేసే పుట్టుకతో వచ్చే లోపం కావచ్చు. పీటీహెచ్1ఆర్ జన్యువులో తేడా దీనికి తెలిసిన కారణం. ఆ పళ్లను తీగతో లాగితే నిజంగానే అతుక్కుపోతాయి.

వేరు చికిత్స (రూట్ కెనాల్) చేసిన పన్ను కదలదని ఒక అపోహ ఉంది. నారపొర బాగుంటే అది మామూలు పంటిలాగే కదులుతుంది. కదలనిది ఇంప్లాంట్. బ్రిడ్జితో కలిపేసిన పళ్లు కూడా విడివిడిగా కదలవు, ముందు బ్రిడ్జి కోయాలి.

ఎముకలో చిక్కిన పై కోరపంటికి చిగురు తెరిచి, చిన్న గొలుసు అంటించి లాగుతారు. ఇది ఏడాది పైనే పట్టే పని. కదలకపోతే ముందు అనుమానించాల్సింది లాగే దిశను: కోరపంటి తల పక్క పంటి వేరుకు తగిలి ఉంటే, నేరుగా లాగినకొద్దీ ఆ వేరు కరుగుతుంది. ముందు దూరంగా తప్పించి, ఆ తర్వాత కిందికి దింపాలి. వయసు పెరిగేకొద్దీ విజయావకాశం తగ్గుతుంది. అసలు ఇంతవరకు రాకుండా చూడవచ్చు. పదేళ్ల పిల్లలకు పై చిగురు మీద, పాల కోరపంటి పైన వేలితో తడిమితే ఉబ్బు తగలాలి. ఒకవైపు తగిలి రెండోవైపు తగలకపోతే ఎక్స్‌రే తీయించండి. 1988లో స్వీడన్ నుంచి ఎరిక్సన్, కురోల్ ప్రచురించిన పరిశీలనలో, అంగిలివైపు తప్పిన 46 కోరపళ్లకు పాలపన్ను మాత్రమే తీసి చూస్తే 36 సరైన దారిలోకి వచ్చాయి.

క్లినిక్‌లో అడగాల్సినవి

చికిత్స మొదలైన ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య ఒకసారి వేర్ల ఎక్స్‌రే తీయించమని అడగండి. వేరు కొనలు కురచబడుతున్నట్టు కనిపిస్తే రెండు మూడు నెలలు బలం ఆపి, తర్వాత తేలికగా మొదలుపెడతారు. ఆ విరామాన్ని ఆలస్యం కింద లెక్కవేయవద్దు. ఆగిన పంటి గురించి మాట్లాడేటప్పుడు ఎప్పుడవుతుందని కాకుండా ఇలా అడగండి: ఇప్పుడు దీని మీద పనిచేస్తున్న బలం ఏది? దాని దారిలో చోటు ఎన్ని మిల్లీమీటర్లు ఉంది? వెనక పట్టు దేనిది? పోయిన స్కాన్‌కూ దీనికీ తేడా ఎంత?

చికిత్స మధ్యలో చదువుకో ఉద్యోగానికో విదేశం వెళ్లేవాళ్లు కొత్త డాక్టరు దగ్గర తరచూ మొదటికి వచ్చేది కాగితాలు లేకే. బయల్దేరే ముందు మొదటి ఓపీజీ, సెఫలోగ్రామ్ (తల పక్కనుంచి తీసే ఎక్స్‌రే), ఫోటోలు, పళ్ల త్రీడీ స్కాన్ ఉండే ఎస్‌టీఎల్ ఫైళ్లు, బ్రాకెట్ రకం, గాడి సైజు, ఇప్పుడున్న తీగ కొలత, వాడుతున్న రబ్బర్ల సైజు, తీసిన పళ్ల వివరం రాయించి తీసుకోండి. ప్రయాణానికి ముందు చివరి అపాయింట్‌మెంటులో చెయిన్ బదులు స్ప్రింగు వేయించుకుంటే, అక్కడ డాక్టరు దొరికేదాకా ఆ పంటి మీద బలం ఉంటుంది.